అలెగ్జాండ్రియా: పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేస్తే చాలా, రాత్రి ఉండాలా?

వరంగల్_వేణు
అందరికీ నమస్కారం. జనవరిలో ఈజిప్టు వెళ్తున్నాం. నేను, మా ఆవిడ, అమ్మ. కైరో, లక్సర్, అస్వాన్ బుకింగులన్నీ అయిపోయాయి. చివర్లో రెండు రోజులు మిగిలాయి. ట్రావెల్స్ వాళ్లేమో అలెగ్జాండ్రియాకి డే ట్రిప్ చాలు, పొద్దున ఆరింటికి కారెక్కితే రాత్రికి మళ్లీ కైరో హోటల్‌లో దింపేస్తాం అంటున్నారు. సముద్రం ఒడ్డున్న ఊరికి వెళ్లి సాయంత్రం చూడకుండా తిరిగి రావడమేంటో నాకు మింగుడు పడడం లేదు.

మా ఆవిడ ఆర్కిటెక్చర్ చదివింది, అక్కడి పాత మసీదులు చూసి తీరాలంటోంది. మేం ముస్లింలం కాదు, లోపలికి రానిస్తారా? అమ్మ శాకాహారి, పైగా మోకాళ్ల నొప్పులు. ఇంకోటి, అక్కడ నైట్ లైఫ్ అంటే ఏముంటుంది? పబ్బులూ డ్యాన్సులూ మాకు అక్కర్లేదు. అలాగని ఎనిమిదింటికే గదిలో ముడుచుకు పడుకోవడమూ ఇష్టం లేదు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

బెజవాడ_బుల్లోడు
డే ట్రిప్ చాలు బ్రో. నేను అలాగే వెళ్లొచ్చా. పాంపే స్తంభం, భూగర్భ సమాధులు, కోట, లైబ్రరీ, చేపల భోజనం, అయిపోయింది. ప్రపంచ వింతల్లో ఒకటైన లైట్‌హౌస్ ఉండేదంటారు, ఇప్పుడు రాయి కూడా లేదు. అలెగ్జాండర్ సమాధి ఎక్కడుందో ఎవడికీ తెలీదు. పాత లైబ్రరీ ఎప్పుడో పోయింది. క్లియోపాత్రా ప్యాలెస్ సముద్రంలో ఉంది. మిగిలింది ట్రాఫిక్, హారన్లు. లక్సర్ గుళ్లు చూసిన కళ్లకి ఈ ఊరు ఆనదు.

కువైట్_శ్రీను
బుల్లోడు గారు చెప్పినవాటిలో చాలావరకు నిజమే. పోయినవాటిని వెతుక్కుంటూ వెళ్తే ఆ ఊరు ఎవరికీ ఆనదు. ఉన్నవాటి కోసం వెళ్లాలి, ఉన్నవాటిలో సగం పొద్దు గుంకాకే మొదలవుతాయి. నేను పనిచేసే చోట సగం మంది ఇస్కందరానీలే, అంటే ఆ ఊరివాళ్లు. వాళ్ల పెళ్లిళ్లకీ సెలవలకీ వెళ్లి వెళ్లి నాకు కాస్త అలవాటైంది.

"రాయి కూడా లేదు" అన్నమాట మాత్రం ఒప్పుకోను. లైట్‌హౌస్ భూకంపాలకి దెబ్బతింటూ దెబ్బతింటూ 14వ శతాబ్దానికి పూర్తిగా కూలింది. 1477లో, అప్పట్లో ఈజిప్టుని ఏలిన మమ్లూక్ సుల్తాన్ ఖాయిత్‌బే అదే చోట కోట మొదలుపెట్టి రెండేళ్లలో లేపాడు, కూలిన రాళ్లు కొన్ని అందులోనే వాడుకున్నారు. మిగతావి కోట పక్కనే నీళ్లలో ఉన్నాయి. 2025లో కూడా 22 పెద్ద రాళ్లను పైకి తీసి స్కాన్ చేశారు, ద్వారం దిమ్మెలు, గడప రాళ్లు లాంటివి.

వేణు గారూ, లెక్క సింపుల్. జనవరిలో అక్కడ ఐదూ పావుకి కాస్త అటూ ఇటూగా సూర్యాస్తమయం. ప్యాకేజీ కార్లు నాలుగింటికే కైరో రోడ్డెక్కుతాయి. వాళ్లు సీటు బెల్టు పెట్టుకునే టైముకి ఊళ్లో జనం తయారై బయటికొస్తారు. రాత్రి ఉండండి.

వరంగల్_వేణు
బయటికొచ్చి ఏం చేస్తారు శ్రీనన్నా? అదే నాకు కావాల్సింది.

కువైట్_శ్రీను
నడుస్తారు, కూర్చుంటారు, తింటారు, అరుచుకుంటారు. తమాషాకి చెప్పడం లేదు, అక్కడి రాత్రంటే ముప్పావు వంతు ఇదే.

కార్నిష్ అని సముద్రం పొడుగునా రోడ్డుంది. మన వైజాగ్ బీచ్ రోడ్డుని నాలుగైదింతలు సాగదీసి, ఒక పక్కన రంగు వెలిసిన ఇటాలియన్, ఫ్రెంచి మేడలు నిలబెట్టి, రెండో పక్కన అలలకి అడ్డంగా సిమెంటు దిమ్మెలు పేర్చినట్టుంటుంది. గోడ మీద కుటుంబాలకి కుటుంబాలే కూర్చుని ఉంటాయి. గాలాలేసేవాళ్లు, పెళ్లి ఫొటోలు దిగేవాళ్లు, పుచ్చగింజలు ఒలుచుకుంటూ ఏమీ చేయనివాళ్లు. అర్ధరాత్రి పన్నెండుకి చంటిపిల్లలు కూడా అక్కడే ఉంటారు, ఎవరికీ వింతగా అనిపించదు.

చలికాలంలో వెళ్తున్నారు కాబట్టి హుమ్ముస్ షామ్ బండి దగ్గర ఆగండి. గాజు గ్లాసులో ఉడికిన శనగలు, పొగలు కక్కే రసం, టమాటా, జీలకర్ర వాసన. బండివాడు మీ ముందే నిమ్మకాయ పిండి, "శత్తా?" అంటాడు. అంటే కారం. మనవాళ్లని చూసి కొంచెమే వేస్తాడు, ఇంకా వెయ్యమని చెయ్యి ఊపండి. ముందు రసం ఊదుకుంటూ తాగాలి, అడుగున మిగిలిన శనగల్ని పొడుగు చెంచాతో తినాలి. మాంసం గొడవ లేదు, అమ్మగారు నిశ్చింతగా తాగొచ్చు.

తర్వాత కేఫులు. వాటిని అహ్వా అంటారు. కాఫీ చెప్పేటప్పుడే చక్కెర సంగతి చెప్పేయాలి, తర్వాత కలపరు. మజ్బూత్ అంటే మధ్యస్థం. అమ్మగారికి సహ్లబ్ ఇప్పించండి, చిక్కటి వేడి పాలు, పైన దాల్చిన చెక్క పొడి, పల్లీలు, కొబ్బరి. డొమినోలు, తావ్లా ఆట చప్పుడు, టీవీలో ఫుట్‌బాల్, హుక్కా పొగ. ఈజిప్టు ఫుట్‌బాల్ ఆటగాడు మొహమ్మద్ సలా మ్యాచ్ ఉన్న రాత్రయితే కుర్చీ దొరకడం కష్టం, అతను ఆడుతున్నాడంటే ఆ ఊరే ఆగిపోతుంది.

గుంటూరు_మిర్చి
అంతా బాగుంది గానీ శ్రీనన్నా, బీరు దొరుకుతుందా దొరకదా? అది చెప్పకుండా శనగల గురించి పేరాగ్రాఫులు రాస్తే ఎలా?

ఫర్హా_కర్నూలు
వేణు గారూ, మసీదుల సంగతి నేను చెప్తాను. మీ ఆవిడ ఆర్కిటెక్చర్ అన్నారు కాబట్టి కాస్త పొడుగవుతుంది.

రానిస్తారు. నమాజు టైముల్లో మాత్రం వద్దు, శుక్రవారం మధ్యాహ్నం అసలే వద్దు. జనవరిలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఒక మంచి విరామం ఉంటుంది. సాయంత్రం ఇషా నమాజు ఏడున్నరలోపే అయిపోతుంది, ఆ తర్వాత మళ్లీ వెళ్లొచ్చు. ఆడవాళ్లకి వేరే ద్వారం ఉంటుంది, తల మీద స్కార్ఫ్, పొడుగు చేతులు తప్పనిసరి. చెప్పులు చూసేవాళ్లకి చిల్లర సిద్ధంగా పెట్టుకోండి.

మొదటిది అబుల్ అబ్బాస్ అల్ ముర్సీ మసీదు. ఆయన 1219లో స్పెయిన్‌లోని ముర్సియాలో పుట్టిన సూఫీ, ఇంటిపేరు అక్కడి నుంచే. అబుల్ హసన్ షాజిలీ అనే సూఫీ గురువుకి శిష్యుడై ఈ ఊరొచ్చి ఇక్కడే పోయారు. సమాధి మీద 14వ శతాబ్దం మొదట్లోనే కట్టడం లేచింది, 1775లో మగ్రిబ్ (ఉత్తర ఆఫ్రికా పడమటి వైపు) నుంచి వచ్చినవాళ్లు దాన్ని పెద్దది చేశారు. ఇప్పుడు మనకి కనిపించేది 1929లో మొదలై 1940ల్లో పూర్తయింది. డిజైన్ చేసింది మారియో రోస్సీ అనే ఇటాలియన్. ప్లాను అష్టభుజి. నాలుగు గుమ్మటాలు, మధ్యలో వెలుతురు దిగే ఎత్తైన కప్పు, 73 మీటర్ల మినార్. లోపల ఒకే రాతిలో తొలిచిన స్తంభాల కింద నిలబడి పైకి చూడమనండి, మీ ఆవిడని బయటికి తేవడానికి మీకు అరగంట పడుతుంది.

పక్కనే చిన్నది, బూసీరీ మసీదు. ప్రవక్తని కీర్తిస్తూ ఖసీదా బుర్దా అనే కావ్యం రాసిన 13వ శతాబ్దపు కవి ఆయన. పక్షవాతం వచ్చి మంచం పట్టినప్పుడు ఆ కావ్యం రాశారనీ, కలలో ప్రవక్త వచ్చి తన శాలువా కప్పితే లేచి నడిచారనీ చెప్తారు. ఆ బుర్దా హైదరాబాద్‌లో, మా కర్నూలులో ఇప్పటికీ మీలాద్ సభల్లో చదువుతారు. మా నానమ్మకి కంఠతా వచ్చు. ఆ మసీదు గోడ మీద రాసిన బుర్దా వరసల్ని వీడియో కాల్‌లో చూపిస్తే, నేను కెమెరా జరపడం లేటైనప్పుడల్లా తర్వాతి పాదం ఆవిడే అందుకుంది.

బెజవాడ_బుల్లోడు
> ఇప్పుడు మనకి కనిపించేది 1929లో మొదలై 1940ల్లో పూర్తయింది

అంటే మా తాతయ్య వయసు మసీదు. దీన్ని చారిత్రక కట్టడం అని చూపిస్తున్నారన్నమాట. మా గైడ్ వెయ్యేళ్లది అన్నాడు!

ఫర్హా_కర్నూలు
గైడ్ సంగతి నాకు తెలీదు గానీ, చోటు పాతది, కట్టడం కొత్తది. చోటుని నమ్ముకుని జనం 700 ఏళ్లుగా వస్తున్నారు, నా వరకు అది చరిత్రే. పైగా రోస్సీ పనిని తీసిపారేయకండి. ఈజిప్టు వక్ఫ్ శాఖలో ఉంటూ మమ్లూక్ కాలపు కైరో పనితనాన్ని కాచి వడపోసి కొత్తగా కట్టాడు. రమ్ల్ స్టేషన్ దగ్గరి ఖాయిద్ ఇబ్రహీం మసీదు కూడా ఆయనదే, సన్నటి పొడుగాటి మినార్. 2011లో ముబారక్ ప్రభుత్వం మీద అలెగ్జాండ్రియాలో జరిగిన ఉద్యమానికి దాని ముందున్న చోటే ముఖ్య కేంద్రం. కైరో తహ్రీర్ కూడలి దగ్గరి ఒమర్ మక్రం మసీదు కూడా ఆయన గీసిందే, అక్కడికి ఎలాగూ వెళ్తారు కాబట్టి పోల్చి చూసుకోవచ్చు.

నిజంగా పాతది కావాలా? మన్షియా బజార్లోకి వెళ్లండి. ఫ్రాన్సా వీధిలో తర్బానా మసీదు, 1685 నాటిది. గబుక్కున చూస్తే మసీదని పోల్చుకోలేరు. కింద దుకాణాలు, మెట్లెక్కితే పైన మసీదు. ఆ అద్దెలతోనే మసీదు నడవాలని కట్టించిన వర్తకుడి ఏర్పాటు. ద్వారం దగ్గర ఎర్ర ఇటుక, నల్ల ఇటుక గళ్లుగళ్లుగా పేర్చిన పని ఉంటుంది, అది నైలు డెల్టా ఊళ్ల శైలి. ఆ ద్వారానికి అటూ ఇటూ నిలబెట్టిన రాతి స్తంభాలు మాత్రం ఇంకా పాతవి. పైన ఆకుల చెక్కడం చూస్తే తెలిసిపోతుంది, గ్రీకు రోమన్ కాలంలో ఏ గుడికో మండపానికో చెక్కినవి. ఆ ఊళ్లో రాళ్లకి పెన్షన్ ఉండదు, ఎక్కడో అక్కడ డ్యూటీ పడుతూనే ఉంటుంది.

షోర్బగీ మసీదు కూడా దగ్గర్లోనే, 1758. అదీ దుకాణాల మీదే. రెండింటికీ మెట్లున్నాయి కాబట్టి అమ్మగారిని కింద బట్టల కొట్లో కూర్చోబెట్టండి. బేరం మొదలుపెడితే మీరే ఎదురు చూడాల్సి వస్తుంది.

లండన్_లలిత
ఫర్హా గారూ, అత్తారీన్ మసీదు వదిలేశారు!

బ్రిటిష్ మ్యూజియంలో రోజెట్టా శిల ఉన్న గదిలోనే ఒక పెద్ద నల్లటి రాతి శవపేటిక ఉంది. ఈజిప్టు చివరి స్వదేశీ ఫారో రెండో నెక్టనెబో కోసం చేయించింది. మనవాళ్లందరూ రోజెట్టా శిల ముందు గుమిగూడి సెల్ఫీలు దిగుతారు, దీన్ని పట్టించుకోరు. దగ్గరికెళ్లి వంగి చూడండి. లోపలా బయటా వెంట్రుక మందం గీతలతో బొమ్మలు, రాతలు. కిందికి వస్తే అడుగున వరసగా గుండ్రటి బెజ్జాలు! ఎందుకంటే ఇది వందల ఏళ్లు అత్తారీన్ మసీదు ఆవరణలో నీళ్ల తొట్టిగా ఉంది. నీళ్లు పోవడానికి ఎవరో ఆ బెజ్జాలు పొడిచారు. 1798లో నెపోలియన్ మనుషులు దాన్ని పట్టుకుపోదామని చూశారు, 1801లో ఓడిపోయేసరికి రోజెట్టా శిలతో పాటు ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. అలెగ్జాండర్ శవపేటిక ఇదేనని ఆ రోజుల్లో గట్టిగా నమ్మారు కూడా.

ఆ మసీదు అంతకు ముందు సెయింట్ అథనేషియస్ పేరు మీదున్న చర్చి. ఇప్పుడున్న భవనం చాలా తర్వాతిది, చూడ్డానికి మామూలుగా ఉంటుంది. కానీ చుట్టూ ఉన్న అత్తారీన్ సందుల్లో పాత సామాన్ల కొట్లున్నాయి. గ్రామఫోన్లు, షాండ్లియర్లు, 1956 సూయజ్ యుద్ధం తర్వాత ఊరు వదిలి వెళ్లిపోయిన విదేశీ కుటుంబాల డైనింగ్ టేబుళ్లు. కొనకపోయినా చూడొచ్చు.

బెజవాడ_బుల్లోడు
ఇది నిజంగా బాగుంది. మా గైడ్ ఒక్క ముక్క చెప్పలేదు.

గుంటూరు_మిర్చి
బీరు ప్రశ్న ఇంకా పెండింగ్‌లోనే ఉంది.

పాలమూరు_పంతులు
మసీదుల గురించి మాట్లాడుకునే చోట బీరు గోల ఏంది తమ్మీ? వాళ్లమ్మగారితో పోతున్నరు.

గుంటూరు_మిర్చి
నైట్ లైఫ్ అని అడిగింది ఆయనే సర్. నేను నా పర్సు నా లివర్ గురించి అడుగుతున్నా.

మోడరేటర్_పద్మ
ఇద్దరికీ మనవి. రెండూ ఈ థ్రెడ్‌లో ఉన్న విషయాలే. శ్రీను గారు జవాబు చెప్తే ఆ ముచ్చట అక్కడితో ముగుస్తుంది.

కువైట్_శ్రీను
దొరుకుతుంది మిర్చీ. స్టెల్లా అని లోకల్ బీరు ఉంది. నూరేళ్ల కిందట ఆ ఊళ్లో గ్రీకులు, ఇటాలియన్లు, యూదులు, అర్మేనియన్లు, సిరియా వాళ్లు కలిసి ఉండేవాళ్లు. వాళ్లలో చాలామంది 1950, 60ల్లో వెళ్లిపోయారు, వాళ్ల బార్లు కొన్ని మిగిలాయి. క్యాప్ డోర్ అని ఒకటుంది, షేక్ అలీ అని కూడా అంటారు. పాత చెక్క కౌంటరు, వెనక పాత అద్దాలు, చిన్న గది. స్పిట్‌ఫైర్ అని ఇంకోటి, గోడలూ కప్పూ నావికులు అతికించిన స్టిక్కర్లతో నిండిపోయి ఉంటాయి. ఖాయిత్‌బే కోట పక్కన గ్రీకు క్లబ్ ఉంది, డాబా మీద కూర్చుంటే తూర్పు హార్బర్ మొత్తం దీపాలతో కనిపిస్తుంది. తింటూ కూర్చోవడానికి అది బెస్ట్, కుటుంబంతో కూడా వెళ్లొచ్చు.

కానీ బీచ్ పార్టీలు, తెల్లవార్లూ డీజే అనుకుని వెళ్తే దెబ్బతింటావు. అలాంటివి వేసవిలో పడమటి తీరం రిసార్టుల్లో, సాహిల్ అంటారు, అక్కడ జరుగుతాయి. ఊళ్లో మాత్రం రాత్రంటే కాఫీ. రంజాన్‌లో బార్లు చాలావరకు మూసేస్తారు. రోడ్డు మీద సీసా పట్టుకుని నడవడం ఎప్పుడూ వద్దు.

నీల_మెల్‌బోర్న్
ఆడవాళ్ల వైపు నుంచి ఒక మాట. వేణు గారి ఆవిడ కోసం.

సందుల్లోని పాత అహ్వాల్లో నూటికి తొంభై మంది మగవాళ్లే. భర్త పక్కనుంటే ఎవరూ ఏమీ అనరు గానీ, ఒంటరిగా వెళ్లి కూర్చుంటే చూపులు తప్పవు. అదే కార్నిష్ మీది కేఫుల్లో, రమ్ల్ స్టేషన్ చుట్టుపక్కల పాత మిఠాయి కేఫుల్లో అమ్మాయిలు గుంపులు గుంపులుగా ఉంటారు. డెలీస్, ట్రియానన్ లాంటివి కేకులకీ కాఫీకీ పేరుపడ్డవి. నేను ఫ్రెండ్‌తో రాత్రి పదిన్నరకి కార్నిష్ మీద నడిచాను, వెనకాల నుంచి వచ్చే కామెంట్లు ఉన్నాయి, భయపడాల్సినంత లేదు. రోడ్డు దాటడమే అసలు భయం! ఆరు వరసల కార్లు, ఎవడూ ఆగడు. అమ్మగారితో అయితే కింద నుంచి వెళ్లే దారులు వెతుక్కోండి, లేదా ఒక ముసలాయన పక్కన నిలబడి ఆయన కదిలినప్పుడు కదలండి.

గుర్రబ్బండి వాళ్లతో ఎక్కే ముందే రేటు తేల్చుకోండి. మాకు ఒకతను వేళ్లతో రెండు చూపించి, దిగాక ఆ రెండు పౌండ్లు కాదు డాలర్లు అని వాదించాడు. గుర్రం ఒక్కటే మా పక్షాన ఉంది.

దివిసీమ_కుర్రాడు
మసీదులూ బీర్లూ అయ్యాయి కాబట్టి మా ఊరి సంగతి ఒకటి చెప్పి వెళ్లిపోతా.

క్లాడియస్ టాలెమీ అని ఖగోళ శాస్త్రవేత్త, 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలోనే కూర్చుని ప్రపంచ భూగోళం రాశాడు. అందులో మైసోలియా అనే దేశం, మైసోలోస్ నది, కొంటకోస్సిల అనే వర్తక పట్టణం ఉన్నాయి. నది మన కృష్ణ అని ఎక్కువమంది అంటారు. ఆ పట్టణం మా పక్కనున్న ఘంటసాల అని చరిత్రకారులు చెప్తారు, అక్కడి ప్రాకృత శాసనాల్లో కంటకసేల అని ఉంది. ఆయన ఇటువైపు ఎప్పుడూ వచ్చినవాడు కాదు. నావికులు, వర్తకులు చెప్పిన సంగతుల మీద ఆధారపడి రాసిన వివరాలు అవి. అంటే కృష్ణా జిల్లా ఊరి పేరు అలెగ్జాండ్రియాలో ఎవరో పలికి ఉంటారు, ఆయన రాసుకుని ఉంటాడు. నేను ఆ ఊళ్లోని కోమ్ అల్ దిక్కా తవ్వకాల చోట రోమన్ కాలపు క్లాస్‌రూములు చూసినప్పుడు ఇదే తిరిగింది బుర్రలో. అవి టాలెమీ తర్వాతి కాలానివే అనుకోండి. తెల్లటి పాలరాతి మెట్ల థియేటర్ పక్కనే 20కి పైగా లెక్చర్ హాళ్లు బయటపడ్డాయి, గోడల వెంట రాతి బెంచీలు, మధ్యలో మాస్టారి కోసం ఎత్తు సీటు. థియేటర్ దగ్గర ఫొటో తీసుకుని అందరూ వెళ్లిపోతారు. హాళ్లు చూడకుండా రావద్దు.

పాలమూరు_పంతులు
శానా మంచి ముచ్చట చెప్పినవ్ బిడ్డా. రిటైరైన హిస్టరీ మాస్టర్ని, నాకు ఇది తెల్వదు.

వేణు గారూ, కారు మాట్లాడుకునే ఓపికుంటే పడమటి దిక్కు 110 కిలోమీటర్ల దూరంల ఎల్ అలమైన్ యుద్ధ శ్మశానం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంల, 1942ల మన నాలుగో ఇండియన్ డివిజన్ అక్కడ పోరాడింది. సమాధుల పక్కనే దహన స్మారకం అని ఒకటి కట్టిన్రు, దహనం చేసిన 600 మందికి పైగా సైనికుల పేర్లు దాని మీద ఉన్నయి. మనవాళ్ల పేర్లు చదువుకుంట నిలబడితే కాళ్లు కదలవు.

వరంగల్_వేణు
అందరికీ ఎన్ని థాంక్సులు చెప్పినా తక్కువే. రాత్రి ఉండడం ఖాయం చేసేశాం. మా ఆవిడ ఫర్హా గారి పోస్టు ప్రింటు తీసుకుంది, తర్బానా దగ్గర స్టార్ కూడా పెట్టింది. అలమైన్ ఈసారికి కుదరదు పంతులు గారూ, అమ్మకి అంత ప్రయాణం పడదు. ఇక అమ్మ తిండి, అమ్మ మోకాళ్లు, జనవరి చలి. ఈ మూడూ తేలితే హోటల్ బుక్ చేసేస్తా.

నీల_మెల్‌బోర్న్
తిండికి అస్సలు టెన్షన్ పడొద్దు. రమ్ల్ స్టేషన్ దగ్గర మొహమ్మద్ అహ్మద్ అని పాత హోటల్ ఉంది. ఫూల్ అంటే ఉడికించిన చిక్కుడు గింజల ముద్ద, అక్కడివాళ్లు పైన టమాటా ఉల్లిపాయ తరుగు వేస్తారు. ఫలాఫెల్, వంకాయ, తహీనా, వేడి వేడి రొట్టె. పొద్దున తింటే మధ్యాహ్నం దాకా ఆకలి అడగదు. కుషరీ కూడా శాకాహారమే, అన్నం, పప్పు, మాకరోనీ, పైన వేయించిన ఉల్లిపాయ.

ఒక్క జాగ్రత్త. చేపల హోటళ్లలో గోధుమ రంగు అన్నం పెడతారు, సయాదియ్యా అంటారు. చేప కనబడకపోయినా అది చేప ఉడికిన నీళ్లతో వండిందే అయి ఉంటుంది. అమ్మగారికి అది వద్దు. మీరిద్దరూ మాత్రం కోట దగ్గరి బహరీ పేటలో చేపలు తినకుండా రాకండి. ఐస్ మీద పరిచి ఉంటాయి, మీరే వేలు పెట్టి చూపించాలి, తూకం వేసి రేటు చెప్తారు, కాల్చాలా వేయించాలా అడుగుతారు. తూకం ముందు రేటు అడగడం మర్చిపోవద్దు.

కువైట్_శ్రీను
మోకాళ్ల సంగతి. కోమ్ అల్ షొకాఫా భూగర్భ సమాధులకి దాదాపు 100 మెట్ల గుండ్రటి దిగుడు ఉంది, అమ్మగారు పైనే ఉండడం మంచిది. చూడాల్సింది మాత్రం గట్టిది. 1900లో ఒక గాడిద గోతిలో పడితే బయటపడిందట. 2వ శతాబ్దపు సమాధి, ఈజిప్టు దేవుడు అనూబిస్ రోమన్ సైనికుడి డ్రెస్సులో నిలబడి ఉంటాడు. మీరిద్దరూ వంతులవారీగా దిగండి. పాంపే స్తంభం చిన్న గుట్ట మీద ఉంది, కాస్త ఎక్కాలి. పేరు పాంపేది గానీ నిలబెట్టింది డయోక్లీషియన్ చక్రవర్తి కోసం, అస్వాన్ ఎర్ర గ్రానైటు. మీరు అప్పటికే అస్వాన్ క్వారీ చూసి ఉంటారు కాబట్టి ఆ రాయి ఎంత దూరం వచ్చిందో అర్థమవుతుంది. గ్రీకో రోమన్ మ్యూజియం 2005లో మూసేసి 2023 అక్టోబర్‌లో మళ్లీ తెరిచారు, లోపల హాయిగా నడవొచ్చు.

కొత్త లైబ్రరీ 2002లో తెరిచారు. బయటి గ్రానైటు గోడ మీద ప్రపంచంలోని సుమారు 120 లిపుల అక్షరాలు చెక్కారు. లోపల రీడింగ్ హాలు మెట్లుమెట్లుగా 11 అంతస్తులు దిగుతుంది. శుక్రవారం వెళ్లేట్టయితే వేళలు ముందే కనుక్కోండి, ప్లాను దాన్ని బట్టి వేసుకోండి.

చలి 10 డిగ్రీలకి దిగొచ్చు గానీ అసలు సమస్య గాలి. చలికాలపు తుపాన్లని అక్కడ నవ్వా అంటారు. ప్రతి దానికీ పేరుంది, వచ్చే వారాలు జాలర్లకి నోటి లెక్క. జనవరిలోనూ వస్తాయి. అలలు గోడ దూకి కార్నిష్ మీద కార్లని తడుపుతాయి. గొడుగు పనికిరాదు, తిరగబడుతుంది. టోపీ ఉన్న జాకెట్ తెచ్చుకోండి. నవ్వా వచ్చిన రాత్రి కేఫులో అద్దం పక్కన సీటు పట్టుకోండి, అంతకన్నా మంచి షో ఉండదు.

బెజవాడ_బుల్లోడు
సరే, అందరూ కలిసి నన్ను మళ్లీ టికెట్ కొనేలా చేస్తున్నారు. కానీ ఒక్కటి, ఊరు శుభ్రంగా ఉండదు, ట్రాఫిక్ ఘోరం, సగం మేడలు పడిపోయేలా ఉంటాయి. అది కూడా వేణు గారికి చెప్పండి, అంతా పాలూ తేనే అనుకుంటారు.

ఫర్హా_కర్నూలు
నిజమే, బాల్కనీల కింద నడవకండి. పెచ్చులు ఊడతాయి.

వరంగల్_వేణు
చివరి ప్రశ్న. కైరో నుంచి కారు వద్దనుకుని రైలు చూస్తున్నాం. టికెట్ల సైటులో సిదీ గాబెర్, అలెగ్జాండ్రియా అని రెండు స్టేషన్లు కనిపిస్తున్నాయి. ఎక్కడ దిగాలి? హోటల్ రమ్ల్ స్టేషన్ దగ్గర తీసుకుందామని.

కువైట్_శ్రీను
ముందు సిదీ గాబెర్ వస్తుంది, సగం బోగీ ఖాళీ అవుతుంది. వాళ్లతో పాటు లేవకండి. మీరు ఆఖరి స్టేషన్ దాకా రావాలి, దాన్ని మస్ర్ స్టేషన్ అంటారు, మీ హోటల్ అక్కడికి దగ్గర. మంచి రైలైతే రెండున్నర మూడు గంటలు. రమ్ల్ స్టేషన్ అంటే రైల్వే స్టేషన్ కాదు, ట్రామ్ స్టేషన్. ట్యాక్సీవాడికి "మహత్తత్ అల్ రమ్ల్" అని స్పష్టంగా చెప్పండి. ట్రామ్ లైను ఆధునికీకరణ పనుల్లో ఉంది కాబట్టి దాన్ని నమ్ముకుని ప్లాను వేయొద్దు. పసుపు నలుపు ట్యాక్సీలుంటాయి, లేదా ఊబర్. హోటల్లో సముద్రం వైపు గది అడగండి, కానీ పై అంతస్తులో. కింద అంతస్తయితే హారన్లకి తెల్లవారేదాకా నిద్రుండదు.